గుర్రం పక్కన పరిగెత్తిన మనిషి
దివిసీమలో వొక ‘గుర్రపు సిపాయి’ జాడ వెతికితే తేలిన సంగతులు

కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్ళే దారి పాలకాయతిప్ప దగ్గర సముద్రంతో అయిపోతుంది. ఆ దారి పక్కనున్న పల్లెల్లో వొకదాన్నుంచి కొందరు కుర్రాళ్ళు మా దగ్గరకొచ్చారు. వాళ్ళ పల్లెలో వొక కుటుంబానికి ‘గుర్రపోళ్ళు’ అని మారుపేరు. ఆ ఇంటి పెద్దాయన వొకడు తెల్లదొరల కాలంలో ‘గుర్రపు పటాలం’లో పనిచేశాడనీ, బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చాడనీ తాతల నుంచి చెప్పుకుంటున్నారు. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతికి ఆయన బొమ్మతో ఫ్లెక్సీ కట్టాలని కుర్రాళ్ళ కోరిక. బొమ్మ ఎలాగూ లేదు కాబట్టి గుర్రం మీద కత్తి పట్టుకున్న సవారు బొమ్మ గీయిస్తారు. కింద పటాలం పేరు, చేరిన ఏడాది, వదిలిన ఏడాది రాయాలి. ‘ఆ రెండు లైన్లు మీరు చూసి పెట్టండన్నా’ అన్నారు.

ఆ రెండు లైన్ల కోసం మొదలుపెట్టిన పని మమ్మల్ని చాలా దూరం తీసుకెళ్ళింది. ఇలాంటి ప్రశ్నతో ఈమధ్య చాలామంది విద్యార్థులూ, ఉపాధ్యాయులూ వస్తున్నారు గనక మేము వెతికిన తీరునీ, దొరికినదాన్నీ, దొరకనిదాని వెనకున్న కారణాన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

సైన్యంలో మన పూర్వీకుల కోసం వెతుకులాట ఉత్త సరదా కాదు. 1818 జనవరి 1న కోరెగాంలో జరిగిన యుద్ధం తాలూకు స్తంభం దగ్గరికి 1927 జనవరి 1న అంబేద్కర్ వెళ్ళినప్పటి నుంచి అదొక రాజకీయ ప్రశ్న అయింది. ఆ రాతి మీద చెక్కిన మహార్ల పేర్లు, ఆయుధం పట్టడానికి కొన్ని కులాలే పుట్టాయన్న మాటని అబద్ధం చేశాయి. అయితే వొక సంగతి గమనించాలి. కోరెగాంలో మహార్లు వున్నది కాలిబలంలో. అక్కడే పోరాడిన పూనా గుర్రపు దళం వేరు. మద్రాసు నుంచి వచ్చిన ఫిరంగి దళం వేరు. సైన్యం అంటే వొకే ముద్ద కాదు. అందులోనూ వాడలున్నాయి, పేటలున్నాయి, వూరి బయట పల్లెలున్నాయి. గుర్రపు దళం ఆ వూళ్ళో నడిబొడ్డు అగ్రహారం లాంటిది.

దీన్ని అర్థం చేసుకోవడానికి దివిసీమ నుంచి దూరం పోనక్కర్లేదు, బందరు చాలు. బందరులో సెయింట్ మేరీస్ చర్చి వుంది. దాన్ని కట్టించిన జాన్ పేటర్ మద్రాసు గుర్రపు దళంలో పైకొచ్చిన అధికారి. మేజర్ జనరల్ హోదాలో బందరు దండుకి పెద్దగా వచ్చాడు. 1809లో బందరు కోటలో తెల్ల అధికారులే కంపెనీ ప్రభుత్వం మీద తిరగబడ్డ కాలం అది. ఆ ఏడాది నవంబరులో పేటర్ ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ చనిపోయింది. ఆమె సమాధి మీదే ఆయన ఆ చర్చి కట్టించాడని బందరులో ఎవరినడిగినా చెబుతారు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ గుర్రపు దొర ఎవరిని ప్రేమించాడో, ఆమె ఏ నెలలో పోయిందో మనకి తెలుసు. ఆయన గుర్రానికి మేత వేసింది ఎవరు? ఆ పేరు ఎక్కడా లేదు. మా అన్వేషణ మొత్తం ఈ తేడా చుట్టూనే తిరిగింది.

పేటర్ పెద్ద దొర కాబట్టి ఆయన సంగతి వేరు అనుకోవచ్చు. మామూలు తెల్ల సిపాయిని తీసుకుందాం. 1782లో మద్రాసులో దిగిన ఇంగ్లీషు డ్రాగూన్ల పటాలంలో (తర్వాత దానికి 19వ లైట్ డ్రాగూన్లు అని పేరు) వొక సాదా రౌతుని వెతకాలంటే లండన్ పక్కన క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ పటాలం హాజరు పట్టీలున్నాయి. పెన్షను పుచ్చుకున్నవాడైతే డిశ్చార్జి కాగితాల్లో పుట్టిన వూరు, సైన్యంలో చేరక ముందు చేసిన పని, ఎత్తు, జుట్టు రంగు, కళ్ళ రంగు కూడా దొరుకుతాయి. కంపెనీ సొంత తెల్ల సిపాయిల సంగతి బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో వుంటుంది. ఏ ఓడ ఎక్కాడు, ఏ నెలలో దిగాడు, ఏ పటాలంలో వేశారు అన్నీ వరసగా రాసి పెట్టారు. మద్రాసు ఇలాకాలో జరిగిన తెల్లవాళ్ళ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల పుస్తకాల నకళ్ళు ఏటేటా లండన్‌కి వెళ్ళాయి. వొక చెప్పులు కుట్టే ఇంగ్లీషువాడి కొడుకు డ్రాగూనుగా ఆర్కాటు వచ్చి జ్వరంతో చచ్చిపోతే, ఇవాళ వాడి మునిమనవడు కుర్చీలోంచి లేవకుండానే పుట్టుక నుంచి గోరీ దాకా లాక్కురాగలడు.

దేశీ సిపాయిల దగ్గరికొస్తే అంత సుఖం లేదు. పటాలాల్లో ‘లాంగ్ రోల్’ అనే చిట్టా వుండేది. అందులో సిపాయి పేరు, తండ్రి పేరు, కులం, వూరు, వయసు, ఎత్తు రాసేవాళ్ళు. కానీ అవి పటాలంతో పాటు తిరిగిన పుస్తకాలు. పటాలాన్ని రద్దు చేసినప్పుడో, ఇంకోదానిలో కలిపినప్పుడో వాటి గతి ఏమైందో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. తెల్లవాళ్ళకున్నట్టు దేశీ సిపాయిలందరికీ కలిపి వొక కేంద్ర చిట్టా నిలవలేదు. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మిలిటరీ శాఖ కాగితాలు గుట్టలు గుట్టలుగా వున్నాయి. పెన్షను తగాదాలూ, శిక్షలూ, అర్జీలూ వచ్చినచోట దేశీ పేర్లు తగులుతాయి. అంటే గొడవ పడ్డవాడు దొరుకుతాడు, నోరు మూసుకుని పనిచేసినవాడు దొరకడు.

అక్కడ వెతికేవాళ్ళకి వొక చిన్న సూచన. 1859కి ముందు కాగితాల్లో ‘కృష్ణా జిల్లా’ అని వుండదు. మచిలీపట్నం జిల్లానీ గుంటూరు జిల్లానీ కలిపి ఆ ఏడాది కృష్ణా జిల్లా చేశారు. గుంటూరు మళ్ళీ 1904లో విడిపోయింది. అందుకని 1850లో సైన్యంలో చేరిన దివిసీమ మనిషిని మచిలీపట్నం జిల్లా కింద వెతకాలి, 1880లో చేరినవాడిని కృష్ణా కింద వెతకాలి. ఇది తెలియక మేము తొలిసారి వెళ్ళినప్పుడు నాలుగు రోజులు వృథా చేశాము. వాటిలో వొక రోజు అక్కడి బల్ల దగ్గర కూర్చోవడానికే భయపడి పోయింది. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్ళకి ఆ భయం తెలుసు.

ఇక అసలు ప్రశ్న. మద్రాసు గుర్రపు దళంలో సవారులుగా ఎవరిని తీసుకున్నారు?

ఆ దళం పునాది ఆర్కాటు నవాబు గుర్రపు పటాలాల్లో వుంది. నవాబు అప్పుల పాలై జీతాలివ్వలేని స్థితిలో 1770ల నుంచి 1780ల దాకా అవి దఫదఫాలుగా కంపెనీ చేతిలోకొచ్చాయి. కాబట్టి మొదటి నుంచీ సవారుల్లో ఎక్కువమంది దక్షిణాది ముస్లిములు. కొద్దిమంది మరాఠాలు, రాజపుత్రులు. వొకప్పుడు 8 పటాలాల దాకా పెరిగిన ఈ దళంలో 8వ పటాలం 1857లో బెంగాలుకి బయలుదేరమంటే మొరాయించింది. దాన్ని రద్దు చేశారు. 1860 ప్రాంతంలో మరికొన్ని పోయి నాలుగే మిగిలాయి. తర్వాత పేర్లు మారి, అంకెలు మారి ఆ పరంపర ఇప్పటి భారత సైన్యంలో 7వ, 8వ, 16వ లైట్ కావల్రీలుగా, అంటే టాంకు దళాలుగా సాగుతోంది. ఈ మొత్తం కథలో అంటరాని కులాలవాడు జీను మీద కూర్చోవడానికి దారి లేదు. కాలిబలంలో తెలుగువాళ్ళు ముస్లిములతో సమానంగా కనిపిస్తారు, గుర్రపు దళంలో కనిపించరు. ఈ పటాలాల్లో గుర్రం సర్కారుదే. ‘గుర్రం కొనలేరు కాబట్టి మాల మాదిగలు చేరలేదు’ అని ఎవరైనా అంటే ఆ మాట ఇక్కడ చెల్లదు. గుర్రం సర్కారు ఇస్తుంది, జీను సర్కారు ఇస్తుంది. ఇవ్వనిది దాని మీద చోటు.

మరి మనవాళ్ళు సైన్యంలో లేరా? పుష్కలంగా వున్నారు. 1780లో మొదలైన మద్రాసు పయనీర్ల దళం, తర్వాత బెంగుళూరు కేంద్రంగా పేరుపొందిన మద్రాసు సాపర్లు అండ్ మైనర్లు, తమిళ పరయలతోనూ తెలుగు అంటరాని కులాలతోనూ బలపడిన దళాలు. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, కోటగోడల కింద సొరంగాలు తవ్వడం వాళ్ళ పని. బర్మా, చైనా, అబిసీనియా దాకా వెళ్ళారు. సముద్రం దాటితే కులం పోతుందన్న బెంగ బెంగాలు సైన్యంలో 1824లో బారక్‌పూరు తిరుగుబాటుకి వొక కారణమైతే, అదే బర్మా యుద్ధానికి మద్రాసు పటాలాలు ఓడలెక్కి వెళ్ళాయి. పోవడానికి కులం అనే ఆస్తి లేనివాడికి సముద్రం అడ్డు కాలేదు.

ఇక గుర్రపు పటాలం. సవారుల పట్టీ పక్కన పెట్టి అదే పటాలం వెనక నడిచే జనాన్ని చూడండి. వీళ్ళకి సైన్యం పెట్టిన పేరు ‘ఫాలోయర్లు’, వెంట వచ్చేవాళ్ళు అని. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తిరగేస్తే ఆ జనమంతా అక్షరక్రమంలో నిలబడి వుంటారు. గుర్రం చూసేవాణ్ణి బెంగాలులో సైసు అన్నారు, బొంబాయిలో ఘోడావాలా అన్నారు, మద్రాసు ఇలాకాలో మాత్రం ‘హార్స్‌కీపర్’ అనే ఇంగ్లీషు మాటే వాడుకలో పడింది. మనవాళ్ళ నోట అది ‘గుర్రపువాడు’. ‘గ్రాస్‌కటర్’ అంటే గడ్డి కోసేవాడు. ఎద్దు మీద నీళ్ళ తోలుతిత్తులు మోసుకొచ్చేవాడు పఖాలి. తోలు పని చేసేవాణ్ణి ‘చక్లర్’ అని రాశారు, చక్కిలి కులం పేరునే ఉద్యోగం పేరు చేసేశారు. పాకీ పనికి ‘తోటి’. వీళ్ళలో ఎవరికీ కత్తి లేదు. వీళ్ళు లేకుండా కత్తి వున్నవాడు వొక్క మజిలీ కూడా కదలలేడు.

గడ్డి కోసేవాడి పని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే సైనిక చరిత్రలు రాసినవాళ్ళు దీన్ని వొక వాక్యంలో దాటేస్తారు. వొక్కో గుర్రానికి వొక్కో గడ్డి మనిషి అని లెక్క. గడ్డి అంటే వామి మీద నుంచి దూసుకొచ్చే ఎండు గడ్డి కాదు. గరికని దోకుడుపారతో వేళ్ళతో సహా దోకి, మట్టి దులిపి, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని రావాలి. దండు వున్నచోట నాలుగు రోజుల్లో చుట్టుపక్కల గరిక అయిపోతుంది. అయిదో రోజు నుంచి మైళ్ళ దూరం వెళ్ళాలి. యుద్ధకాలంలో దండు చుట్టూ తిరిగే శత్రువు గుర్రపువాళ్ళు ముందు పట్టుకునేది ఈ గడ్డి మనుషుల్నే. చేతిలో దోకుడుపార తప్ప ఏమీ వుండదు. గడ్డి ఆగితే గుర్రం ఆగుతుంది, గుర్రం ఆగితే దండయాత్ర ఆగుతుంది అని శత్రువుకి బాగా తెలుసు. తెలియనట్టు నటించింది చరిత్రకారులే.

గుర్రపువాడిది ఇంకో రకం చాకిరీ. తెల్లారకముందే లేచి మాలీసు చేయాలి. ఉలవలు ఉడకబెట్టి పెట్టాలి. మద్రాసు గుర్రాల దాణా ఉలవలే. (మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో పశువులకి ఉలవలు ఉడకేసి వార్చిన నీళ్ళే ఉలవచారు అయింది. ఇప్పుడది పెద్ద హోటళ్ళలో గిన్నెల్లో పెట్టి అమ్ముతున్నారు. దాణా కుండ దగ్గర కూర్చున్నవాడికి దాని రుచి ముందే తెలిసి వుంటుంది.) దండు కదిలితే గుర్రపువాడు గుర్రం పక్కన నడవాలి, దొర పరిగెత్తిస్తే తనూ పరిగెత్తాలి. ఈ పరుగు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆడవాళ్ళని మరిచిపోతే ఈ లెక్క సగమే. మద్రాసు సైన్యం పెళ్ళాం పిల్లలతో కదిలే సైన్యం. మద్రాసు ఇలాకా దొరల ఇళ్ళలో మగడు గుర్రపువాడైతే గడ్డి కోసేది తరచుగా భార్యే. ఉద్యోగం పేరు మగవాడిది, మోపు ఆడదాని నెత్తిన. సిపాయిల కొడుకుల్ని చిన్నప్పుడే ‘రిక్రూట్ బాయ్స్’ పేరుతో జీతంలో పెట్టుకునే పద్ధతి కూడా ఈ సైన్యంలో వుంది. అంచేత రెండో తరానికి సొంత వూరు అనేది కంటోన్మెంటే అయిపోతుంది. ‘మీ తాతది ఏ వూరు’ అంటే ‘దండులో పుట్టాడు’ అని చెప్పే ముసలివాళ్ళు మాకు తగిలారు. వాళ్ళు తప్పు చెప్పడం లేదు.

ఇక్కడ వొక చిక్కు. కృష్ణా డెల్టాలో గుర్రపు పటాలాలు మకాం వేసిన చోటు కాదు ఇది. నల్లరేగడి బురదలో, వుప్పు పర్రల్లో గుర్రానికి పనేముంది? బందరు కోటలో వుండినది ప్రధానంగా కాలిబలం, ఫిరంగులు. గుర్రపు పటాలాల మకాంలు ఆర్కాటు, బెంగుళూరు, బళ్ళారి, సికింద్రాబాదు, నాగపూరు పక్కన కామ్టీ. పాలకాయతిప్ప దాపున పుట్టినవాడు గుర్రం దగ్గరికి చేరాలంటే వూరు వదిలి చాలా దూరం పోవాలి. ఎందుకు పోయివుంటాడు?

జవాబు డెల్టా చరిత్రలోనే వుంది. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది 1855లో. అంతకు ముందు ఈ నేల ఇప్పటి వరి నేల కాదు. 1832, 33 సంవత్సరాల కరువుని గుంటూరు వైపు నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. పాలేర్లుగా బతికే పల్లెల మీద ముందు పడేది ఆ దెబ్బే. ఆనకట్ట వచ్చాక నీళ్ళు వచ్చాయి, భూమి రాలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి సముద్రం వచ్చి దాదాపు 30 వేల మందిని తీసుకుపోయింది. బందరు నుంచి హైదరాబాదుకి వెళ్ళే దారి గోల్కొండ కాలం నాటిది. ఆ దారి చివర 1806లో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన సికింద్రాబాదు వుంది. దాన్ని జనం ఇప్పటికీ లష్కర్ అంటారు. దండులో తిండి వుంది, నెల తిరిగేసరికి జీతం వుంది, అన్నిటికన్నా ముఖ్యం కరణం లేడు.

లష్కర్ పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషి సూరిటి అప్పయ్య. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి కథ ప్రకారం ఆయన సైన్యంలో డోలీ మోసేవాడు. 1813లో పటాలంతో ఉజ్జయిని వెళ్ళాడు. అక్కడ కలరా రోజుల్లో అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో లష్కర్‌లో కొయ్య విగ్రహం నిలబెట్టాడు. ఇవాళ లక్షల మంది బోనాలెత్తే గుడి అది. గుడి కథ సంగతి అలా వుంచి మేము చూసేది ఇంకొకటి. సైన్యం వెంట నడిచిన వేలాది తెలుగువాళ్ళలో అందరికీ తెలిసిన పేరు ఈ వొక్కటి. ఆ పేరు కూడా సైన్యం చిట్టా నుంచి రాలేదు, మొక్కు నుంచి వచ్చింది. పటాలం లెక్కల్లో వీళ్ళు చాలాచోట్ల పేర్లుగా కాదు, అంకెలుగా వుంటారు.

1880ల తర్వాత కాలిబలం తలుపు కూడా మూతపడటం మొదలైంది. 1881 నుంచి 85 దాకా మద్రాసు సైన్యాధిపతిగా, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యాధిపతిగా వున్న రాబర్ట్స్, దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు ‘వీరజాతులు’ అయ్యారు. తెలుగు సిపాయిలున్న పటాలాల్ని తగ్గిస్తూ పోయారు. పడమట మహార్లకీ అదే గతి పట్టింది. పెన్షను పుచ్చుకున్న గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో అర్జీ రాసింది దాని మీదే. అంతకు ముందు నూరేళ్ళు పోరాడినవాడు వొక్క సిద్ధాంతంతో పిరికివాడైపోయాడు. మన మనువుకి కావలసిన మాటనే ఇంగ్లీషువాడు సైన్సు పేరుతో చెప్పాడు.

ఇంత తెలుసుకున్నాక మళ్ళీ పల్లెకి వెళ్ళాము. ఆ ఇంట్లో ఎనభై దాటిన మామ్మ వుంది. గుర్రపు పటాలంలో పనిచేసింది ఆమె తాతకి తండ్రి. ఇలాంటి చోట ‘ఆయన సిపాయా?’ అని అడగకూడదని మేము నేర్చుకున్నాము. అడిగితే ‘అవును’ అంటారు. సుబేదారు, జమేదారు లాంటి హోదాలు అడిగినా లాభం లేదు. కంపెనీ కాలంలో మద్రాసు గుర్రపు దళంలోనూ కాలిబలంలోనూ వొకే హోదా పేర్లు నడిచాయి, రిసాల్దారు దఫేదారు అనే పేర్లు తర్వాత వచ్చినవి. ఇంటిపేరు మీద కూడా తీర్పు చెప్పలేము. గుర్రం జాషువా ఇంటిపేరు గుర్రం అయినంత మాత్రాన ఆయన తాత సవారు కానక్కర్లేదు కదా. అడగవలసినవి చేతిపని గుర్తులు. ఇంట్లో ఏ పనిముట్టు వుండేది, ఏం వండేవాళ్ళు, ఏ పాట పాడేవాళ్ళు, సర్కారు ఇచ్చిన బిళ్ళ ఏదైనా వుందా.

మామ్మ చెప్పింది ఇది. ‘మా జేజినాయన ఎప్పుడూ గుర్రం ఎంబడే వుండేవోడంట బాబూ. దొర గుర్రం దౌడు తీయిస్తే పక్కనే పరిగెత్తేవోడంట. ఆయన పరుగుకి గుర్రమే అలిసిపోయేదంట.’ మా పక్కన కూర్చున్న కుర్రాళ్ళు నవ్వారు, గొప్పగా వుందని. మేము నవ్వలేకపోయాము. సవారు పరిగెత్తడు.

బిళ్ళ సంగతి అడిగాము. వుండేదంది. ‘దాని మీద రాణిగారి తల. మా నాయనమ్మ చింతపండు పెట్టి తోమేది. ఎర్రగా మెరిసేది.’ తెల్లగా కాదా మామ్మా అని రెండుసార్లు అడిగాము. ‘ఎర్రగానే. ఎండి అయితే మా ఇంట్లో ఎందుకుంటది, ఎప్పుడో తాకట్టు కొట్టుకెళ్ళేది’ అంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లుతో పాటు అదీ పోయింది. ఆ ఉప్పెనలో మామ్మ పోగొట్టుకున్న మనుషుల లెక్క ముందు బిళ్ళ లెక్క ఎంత.

ఆ ఎరుపు గురించి చెప్పాలి. ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ 1854 నుంచి వెండిది. 1885లో మొదలైన బర్మా యుద్ధం దగ్గర్నుంచి అదే మెడల్ని రెండు రకాలుగా పోశారు. పోరాడేవాళ్ళకి వెండి, వెంట నడిచే ఫాలోయర్లకి కంచు. అదే రాణి తల, అదే యుద్ధం పేరు, లోహం వేరు. అక్కడ కూడా అంటు పాటించారన్నమాట. ఆ యుద్ధానికి మద్రాసు పటాలాలు చాలా వెళ్ళాయి, గుర్రపువాళ్ళతో సహా. మామ్మ వయసు నుంచి మూడు తరాలు వెనక్కి లెక్కేస్తే ఆ జేజినాయన అప్పటికి పాతికా ముప్పై ఏళ్ళవాడు అవుతాడు. కాలం సరిపోయింది, లోహం సరిపోయింది, పరుగు సరిపోయింది. బిళ్ళ చేతిలో లేదు కాబట్టి పటాలం పేరు మాత్రం చెప్పలేము.

ఈ మాట చెప్పినప్పుడు పల్లెలో జరిగిన వాదన దాచకుండా రాస్తాము. డిగ్రీ చదివే కుర్రాడొకడు గట్టిగానే అడిగాడు: ‘కమ్మోళ్ళు, రెడ్లు మా తాత సేనాపతి అని రాసుకుంటే ఏ ఆర్కైవ్సుకీ పోరు, ఎవుడూ అడగడు. మా తాతని మాత్రం మీరొచ్చి గుర్రం మీంచి దింపుతారా?’ దానికి మా దగ్గర తయారు జవాబు లేదు. అతని కోపంలో న్యాయం వుంది. ఉత్తరాదిలో దళిత పెళ్ళికొడుకు గుర్రమెక్కితే రాళ్ళేసే వూళ్ళు ఇప్పటికీ వున్న దేశంలో, ఫ్లెక్సీ మీద గుర్రమెక్కడం చిన్న కోరిక కాదు.

అయినా మేము మా మాట మార్చుకోలేదు. ఆయన్ని మేము గుర్రం మీంచి దింపలేదు. ఎక్కనివ్వనివాళ్ళు వేరే వున్నారు. సవారు బొమ్మ గీస్తే ఎక్కనివ్వని సంగతే చెరిగిపోతుంది. దానితో పాటు దోకుడుపార, ఉలవల కుండ, మామ్మ వాళ్ళ జేజమ్మ నెత్తిన మోపు అన్నీ చెరిగిపోతాయి. వాళ్ళు కాని పటాలానికి మనం వారసులమని రాసుకుంటే ఆ సవారులు కూడా ఒప్పుకోరు. ఆ కుర్రాడు సగమే ఒప్పుకున్నాడు. ‘కత్తి తీసేస్తాం, గుర్రం వుంచుతాం’ అన్నాడు. కళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషిని గీయిస్తే ఫ్లెక్సీ చూసేవాళ్ళకి పాలేరులా కనిపిస్తాడని ఇంకొకడి అనుమానం. అది మా అనుమానం కూడా. పరిగెత్తే మనిషిని గీయగల ఆర్టిస్టు అవనిగడ్డలో వున్నాడా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటుండగా మేము బస్సుకి బయలుదేరాము.

చదివేవాళ్ళకి వొక విన్నపం. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో, సికింద్రాబాదు, బళ్ళారి పాత దండు పేటల్లో ఇలాంటి ఎర్ర బిళ్ళలు పెట్టెల అడుగున వుండొచ్చు. పాత ఇత్తడి కింద తూకానికి వేయకండి. చింతపండుతో తోమకండి కూడా, అక్షరాలు అరుగుతాయి. బిళ్ళ ముఖం మీద వున్నది రాణి, ఆమెతో మనకి పనిలేదు. అంచు చూడండి. పక్కకి తిప్పి, వెలుతురులో పెట్టి, వేలితో తడుముతూ చదివితే అంచు చుట్టూ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో మనిషి పేరు, చేసిన పని, పటాలం పేరు వుంటాయి. దాన్ని కాగితం మీద రాసి, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాటల్ని కూడా రాసి మాకు పంపండి. ఆ బర్మా యుద్ధానికి ముందటి మనుషులకి ఈ దారి కూడా లేదు. వాళ్ళ కోసం మిషను చర్చిల పాత బాప్తిస్మ పుస్తకాలు చూడాలి. బందరులో మిషను పని 1841 నుంచి వుంది. పల్లెల్లో చాలా కుటుంబాలకి తండ్రి పేరూ వూరి పేరూ కలిసి కనిపించే మొదటి కాగితం అదే.